ఆఫ్ కోర్స్ అన్న వాచీ

వాచీ పెట్టుకోవద్దని నాకు డ్యూటీల చేరిన మొదటి రోజే చెప్పిన్రు. కరెంటు స్తంభం ఎక్కెటోని ఒంటి మీద ఉంగరం ఉండొద్దు, గొలుసు ఉండొద్దు, ఆఖరికి మొలతాడుకు తాళంచెవి గూడ ఉండొద్దు. అప్పటి మా లైన్ ఇన్‌స్పెక్టర్ నా చెయ్యి పట్టుకొని, పెండ్లిల మా మామ పెట్టిన వాచీని ఊడబీకి నా జేబులనే ఏసిండు. టైము కావాల్నంటే పొద్దును చూడు, లేకుంటే నీ కడుపును అడుగు అన్నడు. ఆ మాట నాకు ఎంత గట్టిగ పట్టిందంటే, సర్వీసంత నా ముంజేతి మీద వాచీ మచ్చ పడలే.

అసుంటి నేను, రిటైర్‌మెంటు దగ్గరపడ్డంక ఖమ్మం పోయి వాచీ కొన్న. అది గూడ స్మార్ట్ వాచీ. మా ఇంటామె నవ్విన నవ్వుకు పక్కింటోళ్లు గూడ బయటకొచ్చిన్రు. కొత్తగ స్తంభాలెక్కుతున్న పిల్లలారా, వాచీ కొనేటప్పుడు ఏం చూడాల్నో మీకు చెప్తనని కూసున్న గని, చెప్పేది సగం వాచీ సంగతి, సగం ఒక పెండ్లి సంగతి. రెండు ఒకదాన్నొకటి ఇడిచిపెట్టయి.

నా ఆఖరి పోస్టింగు బూర్గంపాడు దిక్కు అడవి అంచుల. గోదారి అవతల భద్రాచలం, ఇవతల మేము. ఊర్ల లైన్లతోని కష్టం లేదు, బండేసుకొని తీగ పొంటి పోతే తప్పు ఎక్కడున్నదో కండ్లకే కనపడ్తది. తిప్పలంత అడవి లోపటి గుంపులతోని. అక్కడ చిన్న ఊరిని గుంపు అంటరు. ఒక గుంపుకు పోయే లైను మాత్రం నా పానం తీసింది. తీగ కిందనే నడుద్దమంటే సగం దూరం వెదురు పొదలు, నడుమ లోతు వాగు. సరిగ్గ ఆ నడుమల్నే లైను మూల తిరిగే స్తంభం ఒకటున్నది. గాలి లేసిందంటే జంపరు ఊడేది అక్కడ్నే. జంపరంటే ఏం లేదు, ఇటు తీగను అటు తీగతోని కలిపే మూరెడు తీగముక్క. దానికోసం రోడ్డు మీది కల్వర్టు కాడ దిగి, పశువుల బాటలు పట్టుకొని అడవిల అడ్డంగ పోవాలె. ఒక బాట రెండైతది, రెండు నాలుగైతయి. అన్ని ఒక్క తీరుగనే ఉంటయి.

ఆ బాట తెలిసినోడు మా దగ్గర ఒక్కడే, జూనియర్ లైన్‌మన్ పిల్లగాడు. ఆ గుంపే వాని సొంతూరు. ఒకరోజు వాడే అన్నడు, నేను లీవుల ఉన్ననాడు మీరెట్ల పోతరు సార్, ఒక మంచి వాచీ ఉంటే నేను ఒక్కసారి నడిచి దాంట్ల దారి దాచిపెడ్త, తర్వాత ఎవరు పెట్టుకున్న అది తీస్కపోతది అని. ఫోన్ల చూసుకోవచ్చు గదా అన్న. అడవిల సిగ్నలేది సార్, ఒక చేతిల తాడు, ఒక చేతిల రాడ్డు, ఫోను నోట్ల పట్టుకుంటరా అన్నడు.

ఇద్దరం ఖమ్మం పోయినం. షాపాయన అద్దాల బీరువా తెరిచి మెరిసేటియన్ని బల్ల మీద పరిచిండు. ఒకటి గుండె కొట్టుకునుడు లెక్కబెడ్తదట. ఒకటి నిద్ర ఎట్ల పోయినమో చెప్తదట. మనం ఎట్ల పోయినమో మన ఇంటోళ్లు చెప్తరు గదా, దానికి వాచీ ఎందుకు. పిల్లగాడు అవన్ని పక్కకు నూకి ఒకటే ప్రశ్న అడిగిండు, ఫోను దగ్గర లేకున్న దానంతట అది దారి గుర్తుపెట్టుకుంటదా అని. షాపాయన అన్నిటికి తల ఊపిండు. అందుకని మా పిల్లగాడు ఒక ఉపాయం చేసిండు. మా ఫోన్లు రెండు ఆయన ముంగటనే పెట్టి, వాచీ నా చేతికి కట్టి, సార్ మీరు గీ సందులన్ని తిరిగి రాండ్రి అన్నడు. నేను బయటపడ్తనే షాపాయనకు చెమటలు. ముసలాయన వాచీతోని ఉడాయిస్తడనుకున్నడో ఏమో, గల్లీ మూల దాక వెంట వచ్చి నిలబడ్డడు.

మొదటిదాంట్ల నేను తిరిగిన దారి ఒక్క ముక్క లేదు. ఫోను షాపులనే ఉన్నది గాబట్టి నేను గూడ షాపులనే ఉన్ననని అది నమ్మింది. ఇంకోటి కొంచెం దూరం గీసి మర్చిపోయింది. ఆఖరుదాన్ని కట్టుకొని పోయి, తిరిగి తిరిగి యాష్టకొచ్చి ఒక డబ్బా కాడ చాయ్ తాగి వచ్చిన. చూస్తే నేను తిరిగిన సందులన్ని దారం పరిచినట్టు గీసుకున్నది. చాయ్ తాగిన కాడ దారం ముడిపడ్డట్టు చిన్న ఉండ గూడ ఉన్నది. ఇదే అన్నడు పిల్లగాడు. చెమట చేతులకు, గ్లౌజులకు పనికొచ్చేటట్టు పక్కన గుండీలున్నయి. ఎండల గూడ అద్దం కనపడ్తది. కొన్ని రోజులదాక చార్జింగు అడగదు. పట్టీ రబ్బరుది. మీరు కొంటే గివే చూడాలె, గుండె నిద్ర సంగతి తర్వాత.

ఒకటే లోపం. అది తెలుగుల మాట్లాడదు. షాపాయన హిందీ ఉన్నదన్నడు, మా పిల్లగాడు ఇంగ్లీషే ఉండనియ్యన్నడు. ఇంకో లోపం నాది. కండ్లద్దాలు లేకుంటే దాని మీది అక్షరాలు నాకు చీమలబారు. అందుకనే మా ఇంటామె నవ్వింది, టైము గూడ కనపడని వాచీ తెచ్చుకున్నవా అని.

పిల్లగాడు చలికాలం ఒకనాడు కల్వర్టు నుంచి ఆ మూల స్తంభం దాక నడిచి దారి దాచిపెట్టిండు. ఏ గుండీ నొక్కాలె, బాణం ఎట్ల చూడాలె, మాకందరికి నేర్పిండు. దారి తప్పితే అది ఏమంటదో మాత్రం నేర్పలే. వాడు ఎన్నడన్న తప్పితే గదా.

ఇంక ఇద్దరి గురించి చెప్పాలె. ఒకరు మా ఏఈ మేడం, అంటే మా సెక్షను ఇంజినీరు. చిన్న వయసు, మంచి మనిషి, ఏదడిగినా "ఆఫ్ కోర్స్" అంటది. మేడం, లైను ఆపి పని చేసుకుంటమంటే ఆఫ్ కోర్స్. ఆదివారం చర్చికి పోయి జర లేటుగ వస్తమంటే ఆఫ్ కోర్స్. మా సెక్షన్ల ఆ మాట అందరికి పట్టుకున్నది. క్యాంటీన్ల ఇంకో గారె ఎయ్యమంటవా అంటే, వాడు గూడ ఆఫ్ కోర్స్ అనేదాక పోయింది. సరేనంటే సరిపోదు మాకు.

రెండో మనిషి మా సీనియర్ లైన్‌మన్. సత్తుపల్లి దిక్కు రైతుల ఇంటోడు, వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చిన్రు, అందుకని ప్రతి మాటకు ఒక "అండి" తగిలిస్తడు. స్తంభం మీద కోతి, భూమి మీద కబుర్ల పుట్ట. కండ్లు డేగ కండ్లు. ఇంగ్లీషు మాత్రం కూడబలుక్కొని చదువుతడు, చదివినంక ఇగ ఎవ్వరి మాట ఇనడు.

ఎండకాలంల పిల్లగాని పెండ్లి కుదిరింది. పిల్ల భద్రాచలం దవాఖానాల నర్సు. వాళ్ల తీరుల పెండ్లి పిల్లగాని ఇంటికాడ్నే. పెండ్లికి మూడు దినాల ముంగట వాన్ని పసుపు రాసి పెండ్లికొడుకును చేసిన్రు, ఆ రాత్రే గాలిదుమారం వచ్చింది. తెల్లారి చూస్తే సగం సెక్షను చీకటి. తలా ఒక దిక్కు ఉరికినం. మర్నాడు, ఇగ మాపటికి పెండ్లిపిల్లోళ్లు గుంపుకు దిగుతరనంగ, ఆ ఒక్క లైను మిగిలింది. రోడ్డు మీది స్విచ్చి తీసిపెడితే మిగతా లైనంత నిలబడుతున్నది, ఏస్తే మొత్తం కరెంటు పడిపోతున్నది. అంటే తప్పు అడవిలోపట, ఆ మూల స్తంభం కాడ్నే.

పొద్దుగాల్నే పిల్లగాడు ఫోన్ చేసిండు. ఆ గుంపుల సిగ్నల్ దొరికేది పొలిమేర రాయి కాడ ఒక్కచోటనే. వాని గొంతు ఇంటే ఏడ్చేటట్టున్నడు. బోరు నడవక వంటలకు నీళ్లు లేవు, అమ్మలక్కలు వాగుకు పోతున్నరు. దానికంటె ఎక్కువ బాధ ఏందంటే, పిల్ల తరపోళ్లు ఇప్పటికే నవ్వుతున్నరట, కరెంటు కొలువని చెప్పి పిల్లనడిగిన్రు, ఆయన ఇంట్లనే లైటు బుగ్గ ఎలుగుత లేదు అని. నేనే వస్త సార్, గంటల పని, అన్నడు. అంతల ఫోను వాళ్లమ్మ గుంజుకున్నది.

"సారూ, పసుపు రాసిన పిల్లగాడు పొలిమేర దాటొద్దు. నువ్వన్న చెప్పు."

ఆమె తప్పు లేదు. పెండ్లికొడుకు పొలిమేర దాటొద్దు, ఒంటి మీద ఎప్పుడు ఇంత ఇనుము ఉండాలె, అది వాళ్ల కట్టుబాటు. నాకు నవ్వొచ్చింది. మా ఉద్యోగంల ఒంటి మీద ఇనుము ఉండొద్దు, వాని పెండ్లిల ఉండాలె. రెండు దిక్కుల నడుమ పిల్లగాడు నలుగుతున్నడు. ఫోను వానికియ్యమని, నువ్వు కదలకు బిడ్డా, పిల్లోళ్లు దిగేటాళ్లకు నీ ఇంట్ల దీపం ఎలుగుడు నా పూచీ అన్న. అన్నంక నాకు బుగులైంది. ఆ బాట నేను ఒక్కసారి గూడ సరిగ్గ పోలే.

సబ్‌స్టేషనుకు ఫోన్ చేసి లైను మీద పనికి క్లియరెన్సు తీసుకున్నం, రోడ్డు మీది స్విచ్చి తీసి తాళమేసినం. వాచీ లైన్‌మన్ చేతికి కట్టిన, నా చేతులల్ల సామానున్నది, పైగ వాని కండ్లు మంచియి. కల్వర్టు దిగి బాట పట్టినం. వాగు కాడ ఆగి ముఖం కడుక్కున్నం, పైకి ఎక్కి మళ్ల నడిచినం. కొంచెం దూరం పోయినంక తెలిసింది, నా అద్దాలు లేవు. ఎక్కడ పడ్డయో తెల్వదు. తిట్టుకుంట నడుస్తున్న.

అప్పుడు వాచీ గుర్రుమన్నది. లైన్‌మన్ చెయ్యెత్తి, అక్షరం అక్షరం కూడబలుక్కున్నడు.

"ఆఫ్... కోర్స్. ఆఫ్ కోర్స్ అంటందండి."

ఇద్దరి ముఖాలు ఎలిగినయి. మా మేడం లెక్కనే మాట్లాడుతున్నది. అంటే మన దారి సరిగ్గున్నది, ఇంగేం అని జోరుగ నడిచినం. బాణం వెనకకు తిరిగినట్టున్నదేంది అని నాకొక అనుమానం వచ్చి అడిగిన. బాణానికి బుద్ధి లేదండి, నిలకడ లేకుండా ఊగుతుంది, మాట మాత్రం ఒక్కటే చెప్తుంది, మాటిచ్చినదాన్ని నమ్మాలండి అన్నడు. నాకు గూడ సబబే అనిపించింది.

అక్కడ్నుంచి మా నడక మీరు చూడాల్సింది. వాచీ గమ్మునుంటే మాకు భయం, గుర్రుమంటే ధైర్యం. కొంతసేపు అది ఏం మాట్లాడలే. లైన్‌మన్ ఆగిండు, దారి తప్పామేమోనండి అన్నడు. కొంచెం అటు జరిగి చూసినం, అనలే. ఇటు పొదలల్లకు దూరినం, అన్నది. హమ్మయ్య అనుకున్నం. ముండ్లు గీరుకుంటున్నయి, చొక్కాలు చినుగుతున్నయి, అది మాత్రం ఆఫ్ కోర్స్, ఆఫ్ కోర్స్ అంటనే ఉన్నది. ఇంత కష్టమైన బాటల ఆ పిల్లగాడు రోజు ఎట్ల పోతుండో అని వాన్ని మెచ్చుకున్నం గూడ.

ఎండ నెత్తి మీదికొచ్చింది. నీళ్లు అయిపోయినయి. నీళ్ల చప్పుడినపడితే అటు దిగినం, వాగు. ఇంకో వాగు గూడ ఉన్నదా అనుకుంట వంగిన. రాయి మీద నా అద్దాలు కూసున్నయి. నేను పొద్దున పెట్టినట్టే, కాళ్లు ముడుచుకొని, నా దిక్కే చూసుకుంట.

పొద్దటిసంది మేము తిరిగి తిరిగి బయలెల్లిన కాడికే వచ్చినం. లైన్‌మన్ మెల్లగ, అద్దాలు దొరికాయి గదండి అన్నడు. వాన్ని కొట్టాల్నో కావలించుకోవాల్నో తెల్వక, అద్దాలు తుడిచి పెట్టుకొని వాని చెయ్యి గుంజుకొని చూసిన. మళ్ల గుర్రుమన్నది. ఇంగ్లీషుల ఆఫ్. దాని తర్వాత కోర్స్. ఆఫ్‌ల ఎఫ్‌లు రెండున్నయి.

పిల్లలారా, మా బతుకంత రెండు ఎఫ్‌ల మీదనే గడిచింది. ఏ స్విచ్చి మీద చూసినా, ఏ ప్యానెల్ మీద చూసినా ఆన్, ఆఫ్. ఆఫ్ అంటే రెండు ఎఫ్‌లు. ఆ రెండు ఎఫ్‌లు చూడకుండ తీగ ముట్టుకుంటే ఇంటికి తిరిగిపోము. అసుంటి మేము, ఇద్దరం సర్వీసు నెత్తిన పెట్టుకొని, రెండు ఎఫ్‌లను ఒక్క ఎఫ్ అనుకున్నం. మేడం అనేది ఒక ఎఫ్‌ది. వాచీ చెప్పేది, దారి తప్పినవురా నాయనా అని. పొద్దటిసంది మొత్తుకుంటున్నది, అది మొత్తుకున్నకొద్ది మేము శాబాష్ అంటున్నం.

నవ్వు మొదలైంది. ముందుగల వాడే నవ్విండు. రాయి మీద కూలబడి కడుపు పట్టుకొని నవ్వినం. నా అద్దాలు తడిసినయి, మళ్ల తుడుచుకున్న. మధ్యల వాడు పైకి చూసి, ఇట్లా ఎంతమంది మనతో ఆఫ్ కోర్స్ అన్నారో, అందులో ఎన్ని ఎఫ్‌లున్నాయో చూసుకోలేదండి అన్నడు. మళ్ల నవ్వినం. పొద్దు వాలుతున్నదని గుర్తొచ్చినంకనే లేసినం.

ఇగ ఇప్పుడు నేర్చుకున్నం. గుర్రుమంటే ఆగాలె, వెనకకు రావాలె, బాణాన్ని చూడాలె, గమ్మునుంటే సంబరంగ నడవాలె. అట్ల నడిస్తే ఆ స్తంభం ఎంతసేపట్ల వచ్చిందనుకుంటున్నరు. వాగు నుంచి ఒక బీడీ తాగేటంత దూరం. పైన జంపరు తెగి ఇనుప అడ్డపట్టికి తగులుకుంట ఏలాడుతున్నది. మూరెడు తీగ. దానికోసం ఒక గుంపుకు గుంపు చీకట్ల ఉన్నది.

స్తంభం కింద లైన్‌మన్ వాచీ ఇప్పి నా చేతిలేసిండు. లైన్ల కరెంటు చచ్చిందా లేదా చూసుకున్నం, మిగిలినది భూమిలకు పోయేటట్టు ఎర్తు కట్టినం, వాడు ఎక్కిండు. కింద నేను ఆ వాచీని పిడికిట్ల పట్టుకొని నిలబడ్డ. నా మామ పెట్టిన వాచీని మా ఇన్‌స్పెక్టర్ ఊడబీకిన రోజు గుర్తుకొచ్చింది. అది గూడ మంచికే చేసిండు ఆ మహానుభావుడు.

వచ్చేటప్పుడు వాచీ ఒక్కసారి గూడ నోరు మెదపలే. కల్వర్టు ఎక్కి, తాళం తీసి, సబ్‌స్టేషనుకు ఫోన్ చేసిన. మేడం గూడ అక్కడ్నే కూసోని ఎదురుచూస్తున్నది. మనుషులందరు లైను ఇడిచి దూరమొచ్చిన్రా, ఎర్తు తీసిన్రా అని అడిగింది. లైన్‌మన్ నా దిక్కు చూసిండు. ఆఫ్ కోర్స్ అన్న మాట ఆ రోజు నా నోట్లకు రాలే. "అవ్ మేడం, అందరం క్లియర్" అన్న. స్విచ్చి ఏసిన. చెవులు రిక్కించి నిలబడ్డం. పడిపోలే. లైను నిలబడ్డది.

ఫోను మోగింది. పిల్లగాడు. పొద్దటిసంది ఆ పొలిమేర రాయి కాడ్నే కాసుకొని ఉన్నడట. వెనక పిల్లల కేకలు, ఎవరిదో మైకు గరగర, బోరు నీళ్లు దబదబ పడే చప్పుడు ఇనపడ్డది. వాళ్లమ్మ ఫోను తీసుకొని, నాయనా చల్లగుండు, నువ్వొచ్చినంకనే బువ్వ అన్నది.

బండి మీద చుట్టు తిరిగి గుంపుకు పోయేటాళ్లకు, పెండ్లిపిల్లోళ్ల ట్రాక్టరు ముంగట, మేము ఎనక. చెట్లకు కట్టిన రంగు బుగ్గలన్ని ఎలుగుతున్నయి. పొలిమేర రాయి మీద ఒక కాలు ఆనిచ్చి, ఇంకో కాలు ఊరి లోపట పెట్టి, ముఖమంత పసుపుతోని మా పిల్లగాడు నిలబడ్డడు. నడుముల ఏదో మెరిసింది. దగ్గరికి పోయి చూస్తే తీగలు కత్తిరించే కటింగు ప్లేయరు. పెండ్లికొడుకుల దగ్గర ఇనుము ఉండాల్నంటే అందరు చాకు పెట్టుకుంటరు, పోకచెక్కల కత్తి పెట్టుకుంటరు. వీడు పని సామాను పెట్టుకున్నడు. వాన్ని కావలించుకున్న. నా చినిగిన చొక్కాకు పసుపంటింది. ఏడ్చినట్టు గూడ యాదికున్నది, దాంట్ల సిగ్గేమున్నది.

తెల్లారి పెండ్లి. నేను ఇచ్చిన కానుక ఏందో మీకు ఇప్పటికే తెలిసి ఉంటది. మా మామ నాకు పెట్టినట్టు, పీటల మీద కూసున్నోని చేతికి నేను ఆ వాచీ కట్టిన. స్తంభమెక్కేటప్పుడు ఇప్పు, మిగతప్పుడు ఇప్పకు అని చెప్పిన. గని నిన్నటి అడవి దారిని దాంట్ల ఆపలే నేను. ఏ గుండీ నొక్కాల్నో నాకేం ఎరుక.

గుంపు పెద్దమనిషి ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి, ముందుగల పిల్లగాన్ని అడిగిండు, ఈ పిల్ల నీకు ఇష్టమేనా అని. సరిగ్గ అప్పుడే వాచీ గుర్రుమన్నది. పిల్లగాడు ఉలిక్కిపడి చెయ్యి చూసిండు. నా పక్కన ఉన్న లైన్‌మన్‌కు నాలిక ఊకోదు గదా. "ఆఫ్ కోర్స్ అంటందండి" అని అందరికి ఇనపడేటట్టు అన్నడు. పందిరంత గొల్లుమన్నది. పెద్దమనిషి సంతోషంగ తల ఊపిండు.

పెండ్లిపిల్ల మాత్రం నవ్వలే. మెడ వంచి, వాని ముంజేతి దిక్కు ఓరగ చూసి, మెల్లగ అన్నది:

"దీంట్ల రెండు ఎఫ్‌లున్నయి గదా."

మా లైన్‌మన్ ముఖం చూడాల్సిందే. పిల్లగాని చెవులు ఎర్రబడ్డయి, పసుపు మీద గూడ కనపడ్డది. గబగబ గుండీ నొక్కి దారి బంద్ చేసి, వాచీ చూసుకుంట కాదు, పిల్ల ముఖం చూసుకుంట ఇష్టమే అన్నడు. అప్పుడు నవ్వింది ఆమె.

ఇప్పుడు నేను తల్లాడల ఉంటున్న. గాలి లేసిననాడు నాకు నిద్ర పట్టదు, అలవాటు. పొద్దుగాల పిల్లగానికి ఫోన్ చేస్త. లైన్‌మన్ గూడ రిటైరైండు, ఆ సెక్షన్ల ఇప్పుడు పిల్లగాడే పెద్ద. ఏం బిడ్డా, మూల స్తంభం మంచిగున్నదా, గుంపుకు కరెంటున్నదా అని అడుగుత.

"ఆఫ్ కోర్స్ సార్" అంటడు. అని కొంచెం ఆగుతడు.

"ఒకటే ఎఫ్."